చేబదులు

కుతాయిసీలో ఫిబ్రవరి వాన
ఆగడం మర్చిపోయింది.
పొయ్యి ఆర్పి, పిండి బల్ల తుడిచి
ఖాళీ యీస్టు డబ్బా దాని మీద బోర్లించాం.
ఏడాది రసీదులు.
నావి కొన్ని, గోచావి కొన్ని,
ఎవరివో ఇద్దరికీ గుర్తులేనివి కొన్ని.

లమారా కళ్లజోడు సర్దుకుంది.
నలభై ఏళ్లు టీ ఫ్యాక్టరీ పద్దులు రాసిన మనిషి.
"ఈ దుకాణంలో మీరు ఇద్దరు కాదు, ముగ్గురు.
కంపెనీ మూడోది. నోరులేని పిల్ల.
ఎవరు ఎన్ని ముద్దలు పెట్టారో రాసుకోకపోతే
రేపు అది ఎవరి పిల్లని కొట్టుకుంటారు."
పెన్సిల్ చెక్కుతూనే అంది, మా వంక చూడకుండా.

పొయ్యి తలుపు మడతబందు, ముప్పై ఎనిమిది లరీలు.
కాగితం మీద సిరా వెలిసిపోయి
వేడికి పడ్డ వేలిముద్ర మాత్రం మిగిలింది.
బతూమీ దాకా డీజిలు, నూటపన్నెండు.
అది నేనిచ్చింది.
ఎలేనే బూట్లకి దాచిన డబ్బు.
పాత బూట్లలో వార్తాపత్రిక కుక్కుకుని
పిల్ల మార్చి దాకా బడికెళ్లింది.
ఆ సంగతి రసీదు మీద ఉండదు.
మిక్సర్ మోటారు, నాలుగు వందల ఇరవై, గోచా.
ఆ నెలంతా రియోనీ ఒడ్డు వెంట నడిచి ఇల్లు చేరాడు.
"నడక మంచిదట" అనేవాడు, చెప్పులు పిండుకుంటూ.

"అప్పా, వాటానా?" అడిగింది లమారా.
అప్పైతే తిరిగి రావాలి.
వాటా అయితే మునిగినా తేలినా దుకాణంతోనే.
ఇచ్చిన రోజున మేం రెండూ అనుకోలేదు.
చెయ్యి జేబులోకి వెళ్లింది, అంతే.
ఎవరి జేబో చూసుకునే వ్యవధి
మరుగుతున్న నూనె ఇవ్వదు కదా.

గోచా గొంతు సవరించుకున్నాడు.
"నావి వదిలేయండి."
"వదిలేస్తే నావీ వదలాలి," అన్నాను.
"మరీ మంచిది," అంది లమారా,
"ఇద్దరూ ఇలాగే వదులుకుంటూ పోండి,
అయిదో ఏట ఒకరినొకరు వదులుకుంటారు."
తర్వాత చాలాసేపు వాన మాటలే వినిపించాయి.

అడుగున రెండు రసీదులు అతుక్కుని ఉన్నాయి.
రెండూ ఒకే పూలకొట్టువి, ఒకే తేదీవి.
ఒకదాని మీద ఏడు కార్నేషన్లు.
ఇంకోదాని మీద ఎనిమిది.

వాలికో తాత పోయిన రోజు.
ఒంటరి మనిషి, రోజూ నాలుగు రొట్టెలు కొనేవాడు.
ఎవరికని ఎన్నడూ అడగలేదు మేం.
చావుకి సరిసంఖ్య పూలు తేవాలి.
గోచాకి ఎనిమిదో పువ్వుకి చిల్లర చాలలేదు.
నేను ఎనిమిదీ కొన్నాను గానీ
మినీబస్సు తలుపులో ఒకటి కాడ విరిగింది.
ఒకరికి తెలియకుండా ఒకరం వెళ్లి
పెట్టె పక్కన తలెత్తి చూసుకున్నాం.
ఏడూ ఏడూ పద్నాలుగు.
ముసలాడికి లెక్క తప్పలేదు.

"రసీదుల్లో పదిహేను," అంది లమారా.
ఎర్ర పెన్సిల్ ఆమె చేతిలో ఆగింది.
"కారణం గడి ఖాళీగా ఉంచను నేను.
పదిహేనోది ఏమైంది?"

టీ గ్లాసులో పెట్టాను దాన్ని,
గల్లాపెట్టె పక్కన, పొట్టి కాడతోనే.
నాలుగు రోజులు నిలబడింది.
రొట్టె కోసం వచ్చినవాళ్లు దాన్ని చూసి
గొంతు తగ్గించి బేరం చేశారు.

లమారా రాసింది:
దుకాణం అలంకరణ, పువ్వు ఒకటి,
రెండు లరీల యాభై తెత్రీలు,
కంపెనీ నెస్తాన్‌కి బాకీ.
తక్కిన పద్నాలుగూ విడిగా మడిచి
ఎవరివి వాళ్ల చేతిలో పెట్టింది.
"ఇవి మీవి. పద్దులోకి రావు."

గోచా తన రసీదు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
ఆ తర్వాత మడతబందు దగ్గరికి వచ్చాం.
మళ్లీ మొదటినుంచి.
దీపం కింద ఎటు తిప్పినా
అంకె కనిపించడం లేదు.
"ముప్పై ఎనిమిదేనా?" అంది లమారా.
"ముప్పై ఆరు," అన్నాడు గోచా.
ఇచ్చింది అతనే.
తగ్గించి చెబుతున్నాడని నాకు తెలుసు.